ఇత్తడి మోడల్: కొత్త ముక్క అతికిస్తే పాతది ఊడిపోతోంది

గార్డు_మనవడు_గిద్దలూరు
మా తాత గుంటూరు–గుంతకల్లు లైనులో గూడ్సు గార్డు. ఆ లైను మీటర్ గేజిగా ఉన్నప్పటి నాలుగు చక్రాల బ్రేక్ వ్యాను (గూడ్సు చివర గార్డు ఉండే పెట్టె) ఒకటి ఇత్తడితో చేస్తున్నాను. స్కేలు 1:60. రేకు 26 గేజి (దాదాపు అర మిల్లీమీటరు మందం), సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు, లెడ్డు (అతికించే టంకం) మామూలు 60/40, అంటే తగరం 60, సీసం 40. లెడ్డు బాగా పారడానికి రోజిన్ పేస్టు. నాలుగు గోడలూ నిలబెట్టేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాతే మొదలైంది. మెట్టు అతికిస్తే పక్కనున్న హ్యాండ్‌రెయిల్ ఊడుతుంది. హ్యాండ్‌రెయిల్ సరిచేస్తే మెట్టు జారుతుంది. రెండూ పట్టుకుని కూర్చుంటే మూల విచ్చుకుంటుంది. ఇంకా చిన్న ఐరన్, సన్న మొన ఉన్నది కొనాలా? వేడి తగ్గించాలా? ఇంట్లో ఫెవిక్విక్ పెట్టి పడెయ్యమంటున్నారు.

దర్శి_డౌట్లు
ఇంట్లోవాళ్ల మాట వినండి.

ఆకురాయి
చిన్నది కాదు, పెద్దది కొనాలి. 25 వాట్లది సర్క్యూట్ బోర్డుకి సరిపోతుంది. ఇత్తడి మీద దాని మొన ఆనించగానే రేకు వేడిని లాగేసుకుంటుంది, మొన చల్లబడుతుంది. లెడ్డు కరగాలని మీరు అక్కడే పట్టుకుని కూర్చుంటారు. మీరు కూర్చున్నంత సేపూ వేడి పక్కకి పాకుతూనే ఉంటుంది. మీ మెట్టు దగ్గర లెడ్డు కరిగే సమయానికి హ్యాండ్‌రెయిల్ దగ్గర కూడా కరిగే వేడి వచ్చేసి ఉంటుంది. 80 నుంచి 100 వాట్లది, లావు ఉలి మొన ఉన్నది తీసుకోండి. పెట్టి, లెడ్డు పారగానే తీసెయ్యాలి. రెండు సెకన్ల పని.

దర్శి_డౌట్లు
ఎక్కువ వేడి పెడితే తక్కువ ఊడుతుందా? ఇదెక్కడి లెక్క?

పొదిలి_పంతులమ్మ
ఆయన చెప్పింది నిజమే. ఎంత వేడి అనేది ఒకటి, ఎంత సేపు అనేది ఇంకొకటి. ఇత్తడి వేడిని ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బాగా పాకిస్తుంది. రాగి అయితే ఇత్తడి కంటే మూడు రెట్లకు పైనే. ఆ రాగి గుణాన్నే వాడుకోవచ్చు. మందపాటి రాగి పట్టీ ముక్కని మడిచి క్లిప్పులా చేసి, ఊడకూడని అతుకు మీద బిగించండి. అటు వచ్చే వేడిని అది తాగేస్తుంది. తడి దూది పెట్టినా పనిచేస్తుంది కానీ నీళ్లు కారి కొత్త అతుకులోకి వెళ్తే లెడ్డు పారదు. నేను రాగి క్లిప్పే వాడతాను.

కుంపటి_బాబాయ్
ఇదంతా రేడియో రిపేరు పద్ధతి అబ్బయ్యా. మా ఇంట్లో మూడు తరాలు కంసాలి పని. ఒక ఉంగరానికి పది అతుకులు పడతాయి, ఒకటీ ఊడదు. ఎట్టా? మొదటి అతుకుకి గట్టి టంకం, దాని తర్వాత కొంచెం మెత్తటిది, ఆఖరుకి ఇంకా మెత్తటిది. ఒకదానికంటే ఒకటి తక్కువ వేడికి కరుగుతాయి కాబట్టి ముందు పెట్టింది కదలదు. పాత అతుకు మీద కావి మట్టి నీళ్లలో కలిపి పూస్తే టంకం అటు పారదు కూడా. వెలిగారం అద్దు, వెండి టంకం పలుకు పెట్టు, ఊదుగొట్టంతో ఊదు. ఆ వ్యాను నీ మనవడి దాకా ఉంటది.

ఆకురాయి
బాబాయ్, ఉంగరం వేరు, 26 గేజి రేకు వేరు. వెండి టంకం కరగాలంటే 600 డిగ్రీల పైన కావాలి. అంత వేడికి రేకు ఎర్రబడుతుంది, గట్టిదనం పోతుంది. నాలుగు అంగుళాల చదును గోడ అప్పడంలా వంకర తిరుగుతుంది. తర్వాత దాన్ని ఎంత తట్టినా చదును కాదు. ఇత్తడి కరిగేది 900 డిగ్రీల దరిదాపుల్లో. ఊదుగొట్టం కొత్తగా పట్టినవాడి చేతిలో ఆ తేడా ఎంతసేపు నిలుస్తుంది?

కుంపటి_బాబాయ్
చేయి తిరిగితే నిలుస్తుంది.

పొదిలి_పంతులమ్మ
ఇద్దరిదీ ఒకే సూత్రం. ఒకదానికంటే ఒకటి తక్కువ వేడికి కరిగేది వాడే బాబాయ్ గారి పద్ధతి లెడ్డుతోనూ చెయ్యొచ్చు. సీసం లేని తగరం–రాగి లెడ్డు 227 డిగ్రీలకి కరుగుతుంది. 63/37 అయితే 183. తగరం–బిస్మత్ కలిసింది 138. గోడలు మొదటి రకంతో, మెట్లూ బ్రాకెట్లూ రెండోదానితో, ఆఖరి చిన్న ముక్కలు మూడోదానితో. బిస్మత్ అతుకు పెళుసు, బరువు పడేచోట వద్దు. ఇంకొక మాట, బిస్మత్ రకాన్ని సీసం ఉన్న లెడ్డు అతుకు మీద పడనివ్వకండి. తగరం, సీసం, బిస్మత్ మూడూ కలిస్తే వంద డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం తయారవుతుంది.

చీమకుర్తి_రాయి
వంద డిగ్రీలంటే టీ కప్పులో పడితే వ్యాను మాయం.

గార్డు_మనవడు_గిద్దలూరు
గోడలు ఇప్పటికే 60/40తో అయిపోయాయి మేడమ్. విప్పాలా?

ఆకురాయి
విప్పక్కర్లేదు. మూలల లోపలి వైపు చిన్న ఎల్ ఆకారం పట్టీ పెట్టి లెడ్డు ధారాళంగా పారించండి. అతుకు పొడవు పెరిగితే ఒక చోట కరిగినా మిగతాది పట్టుకుంటుంది. ఇక హ్యాండ్‌రెయిల్, మెట్టు లాంటివాటిని గోడ మీద ఊరికే ఆనించి అతికించకూడదు. అర మిల్లీమీటరు బిట్టుతో రంధ్రం వేసి, తీగ చివర వంచి రంధ్రంలోంచి లోపలికి దూర్చండి. లెడ్డు లోపలి నుంచి పెట్టండి. కరిగినా తీగ ఎక్కడికీ పోదు. బయట వైపు శుభ్రంగా ఉంటుంది, ఆకురాయి పని కూడా తగ్గుతుంది.

దర్శి_డౌట్లు
పేరు సార్థకం చేసుకున్నారు.

కావలి_కుర్రోడు
1:60 ఏంటి అన్నా? అలాంటి స్కేలు ఎక్కడా వినలేదు. అందరూ 1:87 కదా చేసేది.

గార్డు_మనవడు_గిద్దలూరు
మీటర్ గేజి అంటే 1000 మి.మీ. బజార్లో సులువుగా దొరికే మోడల్ పట్టా వెడల్పు 16.5 మి.మీ. భాగిస్తే 60 చిల్లర. అంటే 1:60లో చేస్తే దొరికే పట్టా మీదే, దొరికే చక్రాల మీదే నడుస్తుంది.

కావలి_కుర్రోడు
1:87లో మీటర్ గేజి 11.5 మి.మీ. వస్తుంది. దానికి 12 మి.మీ. పట్టా విదేశాల్లో అమ్ముతారు. ప్రపంచమంతా వాడే స్కేలులో ఉంటే మిగతావాళ్ల బొమ్మల పక్కన పెట్టుకోవచ్చు కదా.

గార్డు_మనవడు_గిద్దలూరు
తెప్పించుకునే ఖర్చుకి నేను ఇంకో రెండు వ్యాన్ల రేకు కొంటాను.

పెన్నా_ఇసుక
1:87 వాళ్లకి మన దేశంలో ఇంకో తలనొప్పి ఉంది. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. 1:87లో 19 మి.మీ. పైన రావాలి. కానీ అందరూ 16.5 పట్టా మీదే పెట్టి నడుపుతారు. పెట్టె లావుగా, కాళ్లు దగ్గరగా కనిపిస్తుంది. అదే 1:100లో చేస్తే 16.76, దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. మీటర్ గేజికి 1:60, బ్రాడ్ గేజికి 1:100. ఒకే పట్టా మీద రెండూ నడుస్తాయి కానీ పక్కపక్కన పెడితే మీటర్ గేజి వ్యాను బ్రాడ్ గేజి పెట్టె కంటే పెద్దగా ఉంటుంది, అది వేరే గోల.

కావలి_కుర్రోడు
నేను చెప్పేదీ అదే కదా.

చీమకుర్తి_రాయి
వ్యాను ఎందుకు, నల్లమలలో దొరబావి పాత రైలు వంతెన చెయ్యండి. నెల్లూరులో ఉన్న ఇత్తడంతా అయిపోతుంది.

ఆటోనగర్_టర్నర్
రేకు సంగతి చెప్పారు, కడ్డీ సంగతి ఎవరూ చెప్పలేదు. లేత్ మీద తిప్పడానికి అమ్మే ఇత్తడి కడ్డీలో దాదాపు మూడు శాతం సీసం ఉంటుంది. తురుము పొడిపొడిగా రాలుతుంది, తిప్పడానికి హాయి. దాన్నే వంచబోతే పగులుతుంది. బఫరు (పెట్టెలు ఒకదానికొకటి తగిలినప్పుడు దెబ్బ కాచేది), దీపం, చక్రం అన్నీ కడ్డీతో చెయ్యండి. వంపు ఉన్నది ఏదైనా రేకుతోనో తీగతోనో చెయ్యండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కడ్డీ పగిలిందని అమ్మినవాణ్ని తిట్టుకుంటూ వస్తారు.

ఇత్తడికి డ్రిల్లు వేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. మామూలు బిట్టు ఇత్తడిని కొరుక్కుని ఒక్కసారిగా లోపలికి లాగేస్తుంది. సన్న బిట్టయితే ఠపీమని విరుగుతుంది, ముక్క చేత్తో పట్టుకుంటే వేలు తెగుతుంది. బిట్టు కోసే అంచుని సాన రాయి మీద ఒక్కసారి రుద్ది కొంచెం చదును చెయ్యాలి. అప్పుడు కొరకదు, గీకుతుంది. లేత్ మీద టూలు కూడా అంతే, పైభాగం వాలు లేకుండా చదునుగా ఉండాలి.

గార్డు_మనవడు_గిద్దలూరు
విరిగిన బిట్ల డబ్బా ఒకటి ఉంది నా దగ్గర. కారణం ఇప్పుడు తెలిసింది. బఫర్లు మీరు తిప్పిస్తారా?

ఆటోనగర్_టర్నర్
నాలుగేనా?

గార్డు_మనవడు_గిద్దలూరు
రెండు. మీటర్ గేజికి ఇటొకటి అటొకటి, మధ్యలో ఉంటుంది. పక్కల జంట బఫర్లు బ్రాడ్ గేజివి.

ఆటోనగర్_టర్నర్
డ్రాయింగు తెండి. ఆదివారం తప్ప ఎప్పుడైనా సరే.

కావలి_కుర్రోడు
మెట్లు, కిటికీ చట్రాలు రంపంతో కోయడం దేనికి? ఎచింగ్ చెయ్యండి. కంప్యూటర్లో గీసి, లేజర్ ప్రింటరుతో నున్నటి కాగితం మీద ప్రింటు తీసి, ఇస్త్రీ పెట్టెతో రేకు మీదికి ఎక్కించాలి. తర్వాత ఫెర్రిక్ క్లోరైడులో ముంచితే నలుపు లేని చోటల్లా తినేస్తుంది. గోరువెచ్చగా ఉంటే పని త్వరగా అవుతుంది. రెండు వైపులా ప్రింటు వేసి, మడత రావాల్సిన చోట ఒక వైపు మాత్రమే గీత వదిలితే అక్కడ సగం లోతే తింటుంది. గీత లోపలికి ఉండేలా వంచితే మూల అచ్చు గుద్దినట్టు వస్తుంది.

ఆకురాయి
రేకు మందం కంటే సన్నని సందులు మాత్రం గీయకండి. మందు కిందికి తింటూనే పక్కలకీ తింటుంది. 26 గేజికి అర మిల్లీమీటరు కంటే సన్న కమ్మీ గీస్తే చివరికి వెంట్రుక కూడా మిగలదు.

పొదిలి_పంతులమ్మ
వాడేసిన ఫెర్రిక్ క్లోరైడు ఎక్కడ పోస్తున్నావు నాయనా?

కావలి_కుర్రోడు
బాత్‌రూములో మేడమ్.

పొదిలి_పంతులమ్మ
పోయకు. అందులో ఇప్పుడు రాగి కరిగి ఉంది. మీ వైపు కాలువలన్నీ రొయ్యల గుంటల పక్క నుంచే పోతాయి, రాగి రొయ్యకి విషం. ప్లాస్టిక్ బకెట్టులో వాషింగ్ సోడా కొంచెం కొంచెం వేస్తూ ఉండు. పొంగడం ఆగేదాకా వెయ్యాలి. మడ్డి అడుక్కి దిగుతుంది. ఆ మడ్డిని ఆరబెట్టి, గట్టి సంచిలో కట్టి, ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వాలి. చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టుకో. కాలిపోయిన చొక్కాల కథ నాకు చెప్పొద్దు.

చీమకుర్తి_రాయి
క్లాసు మొదలైంది, అందరూ కూర్చోండి.

పెన్నా_ఇసుక
అతుకుల గొడవకి అసలు మందు రెసిస్టెన్స్ సోల్డరింగు. రెండు మూడు వోల్టులు, పదుల ఆంపియర్లు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు, కాలితో నొక్కే స్విచ్చి, పాత టార్చి సెల్లులో ఉండే కార్బన్ కడ్డీ. రేకు ఒక తీగకి, కడ్డీ ఇంకో తీగకి. ముక్కని ముందే కడ్డీతో అదిమి పట్టుకుని అప్పుడు స్విచ్చి నొక్కాలి. వేడి సరిగ్గా ఆ మొన కిందే పుడుతుంది. స్విచ్చి వదిలాక కూడా లెడ్డు గట్టిపడేదాకా అదిమే ఉంచొచ్చు. ఐరన్‌తో అది కుదరదు. ఐరన్ తీస్తే ముక్క కదులుతుంది, తీయకపోతే చల్లబడదు.

దర్శి_డౌట్లు
మా ఇంట్లో పాడైన మైక్రోవేవ్ ఉంది. దాని ట్రాన్స్‌ఫార్మరు పనికొస్తుందా?

పెన్నా_ఇసుక
ముట్టుకోకండి. జోక్ కాదు. దాని రెండో చుట్టులో 2000 వోల్టుల పైన ఉంటుంది, తగిలితే మనిషి మిగలడు. పక్కనే కెపాసిటరు ప్లగ్గు తీసేశాక కూడా చార్జి పట్టుకుని ఉంటుంది. ఆ చుట్టు పీకేసి లావు తీగతో మళ్లీ చుట్టేవాళ్లు ఉన్నారు, అది పని తెలిసినవాళ్లు చేసేది. మోటారు వైండింగు షాపుకి వెళ్లి 230 నుంచి 3 వోల్టులకి ట్రాన్స్‌ఫార్మరు చుట్టమంటే చుట్టిస్తారు.

కుంపటి_బాబాయ్
ఊదుగొట్టానికి కరెంటే అక్కర్లేదు.

ఆకురాయి
ఊదుగొట్టానికి గాలి కావాలి బాబాయ్. ఇత్తడిని మరీ కాల్చితే తెల్ల పొగ వస్తుంది కదా, అది జింకు. పీలిస్తే రాత్రికి చలిజ్వరం. వెండి టంకం కొనేటప్పుడు కూడా అందులో క్యాడ్మియం ఉందో లేదో అడగాలి. కేడీఎం నగలు అనేవాళ్లు కదా, ఆ కేడీఎం ఇదే. దాని పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

కుంపటి_బాబాయ్
ఆ మాట నిజం. మా నాన్న దగ్గు దాంతోనే అని డాక్టరు అన్నాడు. నేను క్యాడ్మియం లేనిదే వాడతా, కిటికీ దగ్గర కూర్చుంటా. బ్రేక్ వ్యాను గోడలకి వద్దులే, ఒప్పుకుంటా. కానీ కప్లింగ్ కొక్కెం, స్ప్రింగు బ్రాకెట్టు లాంటి బరువు లాగేవాటికి లెడ్డు అతుకు ఆగదు. అవి విడిగా వెండి టంకంతో చేసి, తర్వాత పెట్టెకి మరలు బిగించు.

ఆకురాయి
దీనికి నేనూ ఒప్పుకుంటా.

చీమకుర్తి_రాయి
రికార్డు. స్క్రీన్‌షాట్ తీశాను.

గార్డు_మనవడు_గిద్దలూరు
అతికించేటప్పుడు కింద ఏం పెట్టుకుంటారు? చెక్క మీద పెడితే కాలి మసి అంటుతోంది, గచ్చు మీద పెడితే వేడంతా గచ్చుకే పోతోంది.

పొదిలి_పంతులమ్మ
మార్కాపురం పలక. రాసే పలక మందంది కాదు, గనుల దగ్గర పడేసే మందపాటి ముక్క. లెడ్డు అంటదు, చదునుగా ఉంటుంది, మీద పెన్సిలుతో గీసుకోవచ్చు. నేను ఒంగోలు ఎడ్లబండి ఇత్తడితో చేస్తున్నాను. చక్రం ఆకులు దాని మీదే అమర్చాను. పలక మీద వృత్తం గీసి, ఆకు ఆకుకీ చిన్న గాడి కోసి, ఆకులన్నీ గాడుల్లో పడుకోబెట్టి, మధ్యలో ఇరుసు దూరే గొట్టం నిలబెట్టి ఒకేసారి అతికించాను. ఒక్కో ఆకూ విడిగా పెట్టుంటే మీ మెట్టు, హ్యాండ్‌రెయిల్ కథే అయ్యేది.

కుంపటి_బాబాయ్
పలక మీద ఊదుగొట్టం మాత్రం పెట్టొద్దు అమ్మా. పొరల్లో తేమ ఉంటే ఫట్టున పగిలి కళ్లలో పడతది. మంట పనికి బొగ్గు దిమ్మ గానీ మెత్తటి కొలిమి ఇటుక గానీ.

పొదిలి_పంతులమ్మ
ఐరన్‌తోనే చేశాను బాబాయ్ గారూ. చక్రం చుట్టూ పట్టా మాత్రం ఉక్కు తీగతో వేశాను, ఇత్తడి పట్టా ఎడ్లబండికి బాగుండదు. కాడి, నొగ చెక్కవే.

చీమకుర్తి_రాయి
ఇన్ని జోకులు వేశాక ఒక పనికొచ్చే మాట. పాలిషు పట్టిన గ్రానైటు ముక్కలు మా దగ్గర ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పడి ఉంటాయి. అడుగు చదరం ముక్క ఒకటి తెచ్చుకోండి. గోడ చదునుగా ఉందా, పెట్టె నాలుగు కాళ్లూ నేలకి ఆనుతున్నాయా అని చూడటానికి అంతకంటే చవకైన సర్ఫేస్ ప్లేటు దొరకదు. ఎర్ర ఇసుక కాగితం దాని మీద పరిచి రేకు అంచు రుద్దితే సూటిగా వస్తుంది. సోల్డరింగు మాత్రం దాని మీద వద్దు, వేడి లాగేస్తుంది.

దర్శి_డౌట్లు
రాయి కూడా కరిగింది.

మైపాడు_అల
రంగు వేసేవాడిగా నా గోడు. మీరంతా అతికించి వదిలేస్తారు, నాలుగు నెలలకి రంగు కింద నుంచి పచ్చ చిలుము పొంగుతుంది. సముద్రం గాలిలో ఇంకా త్వరగా. ప్లంబింగు వాళ్ల యాసిడ్ ఫ్లక్సు వాడినవాళ్లయితే మరీ. ప్రతి రోజూ పని ఆపేముందు కడగండి. ముందు వేడినీళ్లు, తర్వాత కొంచెం వంట సోడా కలిపిన నీళ్లు, పాత పళ్ల బ్రష్షు, మళ్లీ మంచి నీళ్లు. రోజిన్ అయితే నీళ్లకి పోదు, స్పిరిటు కావాలి. పూర్తయ్యాక నిమ్మ ఉప్పు నీళ్లలో కాసేపు నానబెడితే ఇత్తడి మెరుస్తుంది. ఆ తర్వాత వేళ్లు తగలనివ్వకుండా అదే రోజు లోహం మీద పట్టే ప్రైమరు కొట్టెయ్యాలి.

దర్శి_డౌట్లు
చింతపండు?

మైపాడు_అల
పనిచేస్తుంది. కానీ పిప్పి మూలల్లో ఇరుక్కుంటే తియ్యడం నరకం. బిందెకి సరే, బ్రేక్ వ్యానుకి వద్దు.

పెన్నా_ఇసుక
రేకు ఎక్కడ కొంటున్నారు? నెల్లూరులో నాకు 22 గేజి కంటే సన్నది దొరకలేదు. కంసాలి సామాన్ల షాపులో రంపం బ్లేడ్లు మాత్రం మంచివి ఉన్నాయి. 26 గేజికి బాగా సన్న పళ్ల బ్లేడు తీసుకోండి. పళ్లు పెద్దవైతే రేకుని పట్టుకుని విరుగుతుంది.

గార్డు_మనవడు_గిద్దలూరు
చెన్నై ప్యారిస్ కార్నర్ బజారు నుంచి. కిలో లెక్కన ఇస్తారు. అర మిల్లీమీటరు రేకు అడుగుకి అడుగు దాదాపు 400 గ్రాములు తూగుతుంది, దాన్ని బట్టి లెక్క వేసుకోండి. చుట్ట చుట్టి ఇవ్వబోతారు, ఒప్పుకోకండి. ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి కట్టించుకుని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద పడుకోబెట్టి తెచ్చుకోవడమే.

ఆకురాయి
పినాకినిలో బెర్తులు ఎక్కడివి, అది పగటి బండి.

గార్డు_మనవడు_గిద్దలూరు
సామాన్ల అరే లెండి. గార్డు మనవణ్ని పట్టేశారు.

80 వాట్ల ఐరన్ తెచ్చాను. రాగి క్లిప్పులు పెట్టి, రంధ్రాలు వేసి లోపలి నుంచి లెడ్డు పెడితే ఒక వైపు మెట్లు, హ్యాండ్‌రెయిల్ రెండూ నిలబడ్డాయి. ఇప్పుడు రివెట్లు. గోడల మీద వందల్లో ఉంటాయి. నిలబెట్టిన గోడ మీద ఎలా?

ఆకురాయి
రివెట్లు ఎప్పుడైనా గోడ నిలబెట్టకముందే, రేకు చదునుగా ఉన్నప్పుడే వెనక నుంచి మొద్దు సూదితో గుద్దాలి. నిలబెట్టాక కుదరదు.

కుంపటి_బాబాయ్
కుదరకపోవడమేంది. నకాషీ పని చేసేవాళ్లు బిందె మీద చెయ్యట్లా?

ఆకురాయి
బిందె మందం, లోపల లక్క పోసి చేస్తారు బాబాయ్. ఇక్కడ లక్క వేడికే అతుకులు మెత్తబడవు గానీ సుత్తి దెబ్బకి విచ్చుకుంటాయి.

పెన్నా_ఇసుక
పైపొర వెయ్యండి. 0.1 మి.మీ. ఇత్తడి షిమ్ము రేకు బేరింగుల షాపుల్లో చుట్టగా అమ్ముతారు, కత్తెరతో తెగుతుంది. అసలు వ్యానులో రివెట్లు ఉండేది పట్టీల మీదే కదా. షిమ్ము మీద గీతలు గీసి, అట్ట మీద పెట్టి, వెనక నుంచి మొద్దు చేసిన గ్రామఫోను ముల్లుతో వరసగా నొక్కండి. తర్వాత పట్టీలుగా కోయండి. ముందే కోస్తే నొక్కినప్పుడు వంకర పోతాయి. వెనక పల్చగా లెడ్డు పూసి, గోడ మీద పెట్టి ఐరన్ చదును మొనతో ఒక్కసారి రాస్తే అంటుకుంటుంది. స్కేలు వేసి దూరాలు గీసుకోండి, కళ్లతో కొలిస్తే వరస అలలుగా వస్తుంది.

గార్డు_మనవడు_గిద్దలూరు
దూరాలు ఎక్కడ దొరుకుతాయి? డ్రాయింగు లేదు, పాత ఫొటోలే ఉన్నాయి.

పొదిలి_పంతులమ్మ
ఎదురుగా తీసిన ఫొటోలో పట్టాలు కనిపిస్తున్నాయా? వాటి మధ్య దూరం 1000 మి.మీ. అని తెలుసు కదా. ఆ తలంలో ఉన్న కొలతలన్నీ దాంతో భాగించి తీసుకోవచ్చు. పక్క గోడ రివెట్లకి పక్క నుంచి తీసిన ఫొటో కావాలి, దానికి చక్రం వ్యాసం తెలిస్తే చాలు.

గార్డు_మనవడు_గిద్దలూరు
పక్క ఫొటోలో తాత చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

చీమకుర్తి_రాయి
తాత పొడవెంత?

గార్డు_మనవడు_గిద్దలూరు
సర్వీసు పుస్తకంలో రాసి ఉంటుంది. చూసి చెప్తా.